బస్సు రంగు

గెడ్డం కింద వదులైన చర్మాన్ని ఎడమచేతి బొటనవేలితో పైకి లాగి పట్టుకుని, సీట్లక్క రేజరుని నెమ్మదిగా కిందికి దింపింది. నురగతోపాటు తెల్లటి వెంట్రుకలు రేజరుకి అంటుకున్నాయి. గిన్నెలో ముంచి, అంచుకి తట్టి, మళ్లీ గొంతు దగ్గరికి వచ్చింది. ఆ గొంతులో గుటక పైకీ కిందికీ కదులుతోంది. రోజూ అక్కడికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. భయంతో కాదు. ఈ మనిషి గొంతు తన చేతికింద ఉందన్న సంగతి ఒకసారి గుర్తుచేసుకోవడానికి.

"కదలకండి," అంది.

కదలడానికి ఆయన దగ్గర మిగిలినవి ఎడమ కాలూచెయ్యీ, మెడ, కళ్లు. ఆ కళ్లు కూడా ఆమె మీద లేవు. కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తున్నాయి.

కిందటి చలికాలంలో పక్షవాతం వచ్చి ఆయనకి కుడిపక్కంతా పడిపోయింది. మాట కూడా పోయింది. పూర్తిగా పోయిందా అంటే అదీ కాదు, ఒక్క మాట మిగిలింది. "వద్దు." ఆకలేసినా వద్దే, దాహమేసినా వద్దే, దోమ కుట్టినా వద్దే. కొందరికి ఇలా ఒకే మాట మిగలడం మామూలేనని డాక్టరు చెబుతుంటే సీట్లక్క ఆసుపత్రి వరండాలో పెద్దగా నవ్వేసింది. కూతురు కంగారుపడి భుజం పట్టుకుంది. దుఃఖం ఎక్కువై నవ్వుతోందనుకుంది పిచ్చిపిల్ల. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె విన్న మాట అదే. గోడలకి సున్నం ఇప్పుడొద్దు, పుట్టింటికి ప్రయాణం వద్దు, షెడ్డులోకి అడుగు పెట్టొద్దు. ఇన్ని మాటల్లోంచి ఏరికోరి దాన్నే మిగుల్చుకున్నాడు మహానుభావుడు, అనుకుంది.

మొహం తుడిచి, కాలరు సర్ది, కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది. తడి గాలి కొట్టింది. ఇళ్ల కప్పుల మీదికి మబ్బు దిగి, వీధంతా బూడిదరంగు పూసినట్టుంది.

"ఇవాళ వాన పడుతుందండీ," అంది తీరిగ్గా. "గట్టిగానే పడేట్టుంది."

ఆయన కళ్లు మబ్బు వైపు వెళ్లి, మళ్లీ షెడ్డు వైపు వచ్చాయి.

షెడ్డులో ఉన్నది పాతకాలపు రెండు తలుపుల కారు. ముక్కు పొడుగు, తోక కురచ. దూకబోయే జంతువులా ముందుకి వాలి ఉంటుంది. లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే వీధి చివరి ఇంట్లో గిన్నెలు కూడా మోగుతాయని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పని ఆయనది. పెళ్లయిన కొత్తలో తుక్కుకొట్టులో ఈ కారు కంటపడింది. పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతున్నదాన్ని లారీ మీద వేయించుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నట్టే అయింది. ఒకామెకి వంటగది, ఇంకొకామెకి షెడ్డు.

ఫ్యాక్టరీ నుంచి రాగానే చొక్కా విప్పి దాని కిందికి దూరేవాడు. తుప్పు గీకేవాడు, రేకు సాగగొట్టేవాడు, దొరకని మరని తనే లేత్ మీద తిప్పి చేసుకునేవాడు. చేతకాని పని అని ఎవరూ అనలేరు. కానీ ఇంకొంచెంలో తయారవుతుందనగా ఏదో ఒక లోపం కనిపెట్టి మళ్లీ మొత్తం ఊడదీసేవాడు. కూతురికి నడకొచ్చిందీ, బడికి వెళ్లిందీ, జ్వరం వచ్చి తగ్గిందీ ఆయనకి షెడ్డు లోపలి నుంచే తెలిసేది. "సీట్లు నేను కుడతానండీ," అని సీట్లక్క ఒకసారి తనంతట తను అడిగింది. బస్సు డిపోలో చిరిగిన సీట్లకి రెక్సిన్ కుట్టే పని ఆమెది. అందుకే డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా, ఆమెకన్నా పెద్దవాళ్లకి కూడా, ఆమె సీట్లక్కే. ఆయన కారు కిందనుంచి తల బయటికి పెట్టకుండానే జవాబు చెప్పాడు.

"వద్దు. దీనికి బస్సు కుట్లేమిటి?"

ఆ మాటకి ఆమె మనసు నొచ్చుకుంది. కానీ కక్ష పుట్టింది ఆ మాటకి కాదు.

కూతురు వచ్చిన చప్పుడు విని సీట్లక్క గిన్నె తీసింది. కూతురు రెండు వీధుల అవతల ఉంటుంది. ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ కాబట్టి తల్లి డిపోకి వెళ్లే వేళకి వచ్చి తండ్రి దగ్గర కూర్చుంటుంది. వస్తూనే తండ్రి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. ఛాతీ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

"అమ్మా, నాన్న ఊపిరి నిన్నటి నుంచీ తేడాగా ఉంది."

"ఉంటుంది. మబ్బు పట్టింది కదా."

"మబ్బుకీ ఊపిరికీ ఏమిటమ్మా సంబంధం? డాక్టరుగారిని సాయంత్రం రమ్మన్నాను."

"రమ్మను," అంది సీట్లక్క డిపో ఖాకీ కోటు తగిలించుకుంటూ. "ఇవాళ ఒంటిపూట సెలవు పెట్టాను. మధ్యాహ్నం వచ్చేస్తాను. కారుకి వెనక సీటు బిగిస్తే అయిపోయినట్టే. ఇవాళే బయటికి తీస్తున్నా."

"వాన పడేట్టుందే!"

"అందుకే."

కూతురు తల తిప్పి తల్లిని చూసింది. ఈ మధ్య ఆ పిల్ల తల్లి మొహంలోకి పరీక్షగా చూస్తోంది. ఆ చూపు సీట్లక్కకి నచ్చడం లేదు. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

*

డిపోలో ఆమె పనిచేసే చోటు వర్క్‌షాపు చివర, రేకుల గది. పొడుగాటి బల్ల, దాని మీద ఇనుములా బరువైన కుట్టుమిషను, గోడవారగా పేగులు బయటపడ్డ సీట్లు. ఏ సీటు ఎందుకు చిరిగిందో చూస్తూనే చెప్పేస్తుంది. ఇది పిల్లలు పెన్నుతో పొడిచింది, ఇది ఇనపపెట్టె రాసుకుని చిరిగింది, ఇది ఎవడో దిగాల్సిన చోటు దాటిపోయిందన్న కోపంతో గోళ్లతో పీకింది. సీట్లు తెచ్చిచ్చేవాళ్లు ఆలస్యం చేస్తున్నారని విసుగెత్తి, చాలా ఏళ్ల కిందటే తనే బస్సు నడపడం నేర్చుకుంది. యార్డులో బస్సుని వెనక్కి తీసి, అంగుళం తేడా లేకుండా గది గుమ్మానికి ఆనించి ఆపుతుంది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లు లేరు.

మిషను కింద ఇవాళ ఉన్నది బస్సు సీటు కాదు. కారు వెనక సీటుకి చివరి కుట్టు. ఆకుపచ్చ రెక్సిన్, అచ్చం బస్సుల్లో వేసేదే. అంచులకి తెల్లటి పైపింగు. చుట్టూ రెండు వరసల కుట్టు, దారంలో ఒక్క వంకర లేదు.

డిపోలో బస్సులకి రంగు వేసే ముసలాయన లోపలికి వచ్చి, సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆయన్ని అందరూ బ్రష్షు బాబాయి అంటారు. కారుకి రంగు వేసింది ఆయనే. సెలవురోజుల్లో డిపో మెకానిక్కుల్ని పోగేసి, గొలుసు కప్పీతో ఇంజను దింపించిందీ ఆయనే.

"కుట్టయితే బ్రహ్మాండంగా ఉందే అమ్మాయ్. కానీ ఆ రంగు మాత్రం నా కడుపులో తిప్పుతూనే ఉంది. అంత చక్కటి బండికి బస్సు ఎరుపేమిటి? రాత్రి కలలోకి వచ్చి 'నాకు నంబరు ప్లేటు ఉందిగానీ రూటు బోర్డు ఏదిరా' అని అడుగుతోంది."

"రూటు బోర్డు కూడా రాసిపెట్టు బాబాయ్, తగిలిస్తా."

"నవ్వులాట కాదు. మీ ఆయన నీలం వేసుకున్నాడు కదా, ఆ మనిషి కళ్లెదురుగా దీన్ని బస్సు చేస్తే పాపం కాదూ?"

"పాపమైతే నాకే తగలనీ."

బ్రష్షు బాబాయి తల అడ్డంగా ఊపుతూ బయటికి వెళ్లిపోయాడు. డిపోలో, వీధిలో మిగతావాళ్లందరికీ ఆమె చేస్తున్నది మహా గొప్ప పని. మంచాన పడ్డ మొగుడి కల తీరుస్తోంది, ఆయన మంచం కిటికీ దగ్గరికి జరిపి, షెడ్డు తలుపులు బార్లా తీసి, కళ్లారా చూసుకోనిస్తోంది, ఎంతమందికి దొరుకుతుంది ఇలాంటి భార్య! ఎదురింటావిడ ఏకంగా కళ్లు ఒత్తుకుంది. సీట్లక్క ఎవరినీ కాదనలేదు. మంచం కిటికీ దగ్గరికి జరిపింది నిజమే. కళ్లారా చూడాలనే జరిపింది.

చివరి ముడి వేసి దారం పళ్లతో తెంపింది. రేకుల మీద మొదటి చినుకులు టప్‌టప్‌మని పడ్డాయి.

ఆ రోజూ ఇలాగే మొదలైంది వాన.

అన్నేళ్లలో ఒకే ఒక్కసారి కారు పూర్తిగా తయారైంది. ముదురు నీలం రంగు. వంగి చూస్తే మొహం కనిపించేది. సరిగ్గా ఆ వారంలోనే ఆమె తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని కబురొచ్చింది. సీట్లక్క చంటిపిల్లని ఎత్తుకుని షెడ్డు దగ్గరికి పరిగెత్తింది. కారు తీయండి, అమ్మ ఉండదట, అంది. ఆయన గుమ్మంలో నిలబడి తలెత్తి ఆకాశం చూశాడు.

"వద్దు. రంగు ఇంకా పచ్చిగా ఉంది. వానలో తీస్తే మచ్చలు పడతాయి. బస్సులో వెళ్లు."

కాళ్లు పట్టుకుంది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. అంతే.

బస్సులో వెళ్లింది. ఒక బస్సు దిగి ఇంకో బస్సు కోసం తడుస్తూ నిలబడింది. రోడ్డుకి అడ్డంగా నీళ్లొచ్చి ఆ బస్సు ఆగిపోయింది. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి తల్లి మొహం మీదికి దుప్పటి లాగేశారు. పిన్ని ఆమెని పట్టుకుని ఏడుస్తూ, "గుమ్మం వైపే చూస్తూ పోయిందే. కారులో వచ్చేస్తుంది, ఇదిగో వచ్చేస్తుందని చెబుతూనే ఉన్నామే," అంది.

అన్నీ ముగించుకుని తిరిగి వచ్చేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. ఆయన కారు తుడుస్తున్నాడు. ఆమెని చూసి, గుడ్డ భుజం మీద వేసుకుని, తృప్తిగా అన్నాడు.

"చూశావా, ఒక్క మచ్చ కూడా పడలేదు."

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా. దాన్ని కడుపులో పెట్టుకుని వంట చేసింది, సీట్లు కుట్టింది, పిల్లకి పెళ్లి చేసింది. పైకి 'మీరు' అని పిలుస్తూ, లోపల మాత్రం ఆ రోజు నుంచి 'నువ్వు' అనే అనుకుంది. నీకూ ఒక రోజు వస్తుంది. నువ్వూ చూస్తావు.

ఆయన ఆ కారుని ఎక్కువ రోజులు అలా ఉంచలేదు. తలుపు మూసినప్పుడు ఏదో చప్పుడు తేడాగా ఉందని ఊడదీశాడు. ఏళ్లు గడిచినా అది అలా ఊడిపోయిన స్థితిలో ఉండగానే ఆయనే పడిపోయాడు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆమె చేసిన మొదటి పని, గరుకు కాగితం తీసుకుని ఆ నీలం రంగుని గీకేయడం. మిషను పెట్టి గీకొచ్చని బ్రష్షు బాబాయి అన్నాడు. వినలేదు. ఎదురుగా కూర్చుని, చేత్తో, జానెడు జానెడు గీకింది. నీలం పొడి చేతుల నిండా, జుట్టు నిండా. కిటికీలోంచి ఆయన పొద్దస్తమానం "వద్దు, వద్దు, వద్దు" అని అరిచాడు, కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా. ఆ రోజు సీట్లక్క కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

*

ఇంటికి వచ్చేసరికి వాన దంచి కొడుతోంది. డిపో వ్యానువాడు సీటుని షెడ్డులో దింపి వెళ్లిపోయాడు. ఎర్రటి కారు, ఆకుపచ్చ సీట్లు, తళతళలాడే బంపరు. ఎగతాళి కోసం వేసిన రంగు. కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఎరుపు ఆ పొడుగాటి ముక్కు మీద నిప్పులా కుదిరింది. ఆ సంగతి ఆమెకి ఒళ్లుమండేలా తెలుసు. ఆయనకీ తెలిసినట్టుంది. ఈ మధ్య కొన్నాళ్లుగా అరవడం మానేశాడు. గంటలు గంటలు అలా చూస్తూ ఉంటాడు. ఆయన అరవకపోవడం ఆమెకి చేతిలో అప్పచ్చి ఎవరో లాక్కుంటే పిల్లకి ఉన్నట్టుగా ఉంది.

సీటు బిగించి, నాలుగు మూలలా నొక్కి చూసి, బానెట్ ఎత్తి, తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, వణికింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. అంటుకుందిగానీ, కుంటుతోంది. నాలుగు అడుగులు వేసి తడబడి పడేవాడిలా ఉంది దాని నడక. వెనక గొట్టంలోంచి ఢాంమని పేలింది. వీధిలో కుక్క పరుగు లంకించుకుంది.

కిటికీలో అలికిడయింది. తలెత్తి చూసింది. కూతురు తండ్రిని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టింది. ఆయన ఎడమచెయ్యి కిటికీ చువ్వల్లోంచి బయటికి వచ్చింది. వాన ఆ చేతి మీద పడుతోంది. వేళ్లని గిన్నె మూతలా గుండ్రంగా పెట్టి, ఎడమవైపుకి కొద్దిగా తిప్పి చూపిస్తున్నాడు. మళ్లీ చూపించాడు.

ఆమెకి వెంటనే అర్థమైంది. ఇంజను మీద గుండ్రటి టోపీలా ఉండే డిస్ట్రిబ్యూటరు. దాన్ని వేలిమందం అటూ ఇటూ తిప్పితే సిలిండర్లలో నిప్పు పడే ఘడియ మారుతుంది. అంత దూరం నుంచి, ఆ వానలో, చెవితో విని కనిపెట్టాడు.

సీట్లక్కకి అరికాలి నుంచి మంటెత్తింది. ఎవడు అడిగాడు నిన్ను? నువ్వు ఏడవాలిగానీ సాయం చేస్తావా? పంతానికి దాన్ని కుడివైపుకి తిప్పింది. ఇంజను ఒక్క పెట్టున పేలి, పొగ కక్కి, నోరు మూసుకుంది.

కిటికీలోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. గొంతులో గరగరలాంటిది. ఆయన నవ్వుతున్నాడు. మొహంలో సగమే కదులుతోంది, అయినా నవ్వే. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో ఆమెకి గుర్తు లేదు. అసలు విన్నదా అన్నదీ గుర్తు లేదు.

పళ్లు బిగబట్టి, టోపీని ఎడమవైపుకి తిప్పింది. తాళం తిప్పింది. ఈసారి ఇంజను తడబడలేదు. ఒక్కసారిగా గర్జించి, తర్వాత బరువుగా, సమంగా గుర్రుపెట్టింది. షెడ్డు రేకులు వణికాయి. కాళ్లకింద నేల వణికింది. ఆమె చేతిలో మర తిప్పే రెంచీ కూడా వణికింది.

కూతురు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాన్నని కూడా ఎక్కించుకుందాం. చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తెస్తాను. ఇద్దరం పడితే ముందుసీట్లో కూర్చోబెట్టొచ్చు."

"వద్దు," అంది సీట్లక్క.

ఆ మాట తన నోట్లోంచి వచ్చిన తీరుకి ఆమెకే లోపల ఏదో తియ్యగా అనిపించింది.

"ఏమ్మా? ఇదంతా నాన్న కోసం కాదా?"

"నాన్న కోసమే," అంది తల్లి. "సరిగ్గా ఆయన కోసమే. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టు. చూడనీ. వానలో వెళ్తోంది, తనని వదిలేసి వెళ్తోంది, బాగా చూడనీ."

కూతురి మొహం తెల్లబోయింది. కొన్నాళ్లుగా అడగాలనుకుంటున్న ప్రశ్నకి జవాబు దొరికినట్టు అలా నిలబడిపోయింది. సీట్లక్క తలుపు వేసుకుంది. కారు వానలోకి వచ్చింది. మొదటి చినుకు బానెట్ మీద పడి ముత్యంలా జారింది. కిటికీ దాటుతుంటే వినిపించింది.

"వద్దు! వద్దు! వద్దు!"

ఈ కేక కోసమే ఇన్నాళ్లూ ఆగింది. ఆమె అద్దం దించి, ఆ కేక పూర్తిగా చెవిలో పడేదాకా నెమ్మదిగా వెళ్లి, మలుపు దగ్గర కాలు నొక్కింది.

*

కారు దూకింది. వెన్ను సీటుకి అతుక్కుపోయింది. బస్సు అయితే పిలిచాక తీరిగ్గా కదులుతుంది. ఇది పిలవకముందే పలుకుతోంది. వీధులు వెనక్కి పోతున్నాయి. రోడ్డు పక్క నీళ్లు రెక్కల్లా లేస్తున్నాయి. గుంటలు చూసి తప్పించలేదు, వెతుక్కుని మరీ వెళ్లింది. బురద ఎగిరి తలుపుల మీద పడుతుంటే, ఇదిగో మచ్చ, ఇదిగో ఇంకో మచ్చ, అని పైకే అంది. గొంతు చించుకుని నవ్వింది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు ఆమెని గుర్తుపట్టి హారను మోగించాడు. ఆమె అంతకన్నా పెద్దగా మోగించింది.

కూరగాయల మార్కెట్టు దాటాక బస్సుస్టాపులో ఒక ముసలావిడ వంకరపోయిన గొడుగుతో నిలబడి ఉంది. వానలో ఎరుపు కనపడగానే చెయ్యెత్తి ఆపమంది. సీట్లక్క ఆపింది.

"అయ్యో, కారా! బస్సనుకున్నానమ్మా."

"బస్సే అనుకోండి. ఎక్కండి."

"ఒళ్లంతా తడిసిపోయింది. నీ సీటు పాడవుతుందే."

"పాడవనీ. దానికోసమే కుట్టాను."

ముసలావిడ సంచీతో సహా ముందుసీట్లో కూర్చుంది. చీలమండల నుంచి నీళ్లు కారి కింద మడుగు కట్టాయి. గొడుగు మడవబోతే ఊచ విరిగి అద్దానికి తగిలి గీత పడింది. ఆమె నొచ్చుకుంటుంటే సీట్లక్క ఫరవాలేదంటూ ఆ గీతని వేలితో తడిమి చూసుకుంది.

"మీ ఆయనదా కారు?"

"నాది."

"అదృష్టవంతురాలివి. మా ఆయన సైకిలు కూడా నన్ను ముట్టుకోనివ్వలేదు," అని ముసలావిడ కిసుక్కున నవ్వింది. "ఆయన పోయాక అమ్మేద్దామనుకున్నా. మనసొప్పలేదు. ఇప్పుడు దాని మీద గుడ్డలారేస్తున్నా."

ఇల్లు చాలా దూరం. ఆమె దారి చెబుతూ రెండుసార్లు తప్పుదారి పట్టించింది. సీట్లక్కకి తొందరేమీ లేదు. ఇంకా ఎంత ఆలస్యమైతే ఆయన అంత ఎదురుచూస్తాడు. గుమ్మం వైపే చూస్తాడు. చూడనీ. ముసలావిడని ఇంటిముందు దింపి, ఆమె వద్దన్నకొద్దీ సంచీ లోపలికి మోసి, ఇచ్చిన వేడి టీ తాగి, తీరిగ్గా బయల్దేరింది.

వచ్చేటప్పుడు మాత్రం కాలు అంత గట్టిగా నొక్కలేకపోయింది. నవ్వు కూడా రాలేదు. పక్కసీటు తడిగా, ఖాళీగా ఉంది. గుండ్రంగా తిరిగిన ఆ ఎడమచేతి వేళ్లు అద్దం మీద తుడిచినా పోనట్టు కళ్లముందు ఉన్నాయి. ఇంటికి వెళ్లాక ఏం చెయ్యాలో ముందే అనుకుని పెట్టుకుంది. కిటికీ ముందు కారు ఆపి, బురద మచ్చలన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించి, 'చూశారా, ఎన్ని మచ్చలు పడ్డాయో' అనాలి. ఇన్నేళ్లు నోట్లో ఉంచుకున్న మాట. దారంతా ఆ మాటనే మళ్లీ మళ్లీ అనుకుంటూ వచ్చింది.

*

వాన సన్నబడింది. కారు కిటికీ ముందు ఆపింది. ఆయన దిండ్లకి ఆనుకుని అలాగే కూర్చుని ఉన్నాడు, తల కొద్దిగా ఒక పక్కకి వాలి. మీద ఇస్త్రీ చొక్కా ఉంది. ఫ్యాక్టరీలో పదవీ విరమణ రోజున వేసుకున్న తెల్ల చొక్కా. తల దువ్వి ఉంది.

కూతురు గుమ్మంలోకి వచ్చింది. ఏడవడం లేదు.

"ఎప్పుడు?" అంది సీట్లక్క.

"నువ్వు వెళ్లిన చాలాసేపటికి. డాక్టరుగారికి ఫోను చేశాను. వచ్చేలోపే..." కూతురు గుమ్మానికి ఆనుకుంది. "బాధపడలేదమ్మా. నిద్రలోకి జారినట్టు జారిపోయాడు."

సీట్లక్క కారు దగ్గరే నిలబడిపోయింది. చేతిలో తాళం ఇంకా వెచ్చగా ఉంది.

"ఆ చొక్కా ఎవరు వెయ్యమన్నారు?"

"ఆయనే. నువ్వు వెళ్లగానే అలమారు వైపు చెయ్యి చూపించాడు. దుప్పటి తీశాను, వద్దన్నాడు. స్వెట్టరు తీశాను, వద్దన్నాడు. ఈ చొక్కా తీస్తే ఊరుకున్నాడు. వేశాను. తర్వాత మంచం కిందకి చూపించాడు. బూట్లు. అవీ తొడిగించుకున్నాడు." కూతురు తడిసిన కారు వైపు చూసింది. "నువ్వు బండిని ఒకసారి పరీక్షగా తిప్పి చూసుకుని, తర్వాత తన కోసం వస్తావనుకున్నాడమ్మా. ఆయనకున్నది ఆ ఒక్క మాటే కదా. వెళ్లొద్దన్నా అదే, నన్నూ తీసుకెళ్లమన్నా అదే."

లోపలికి వెళ్లింది. గదిలో షేవింగు సబ్బు వాసన ఇంకా ఉంది. ఆయన మొహానికి ఎదురుగా నిలబడింది. సగం మొహంలో ఎప్పుడూ ఉండే ఆ బిగువు ఇప్పుడు లేదు. రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయి. కారు ఎక్కాలనుకున్నాడా, తన పక్కన కూర్చుని రావాలనుకున్నాడా? ఇంక చెప్పేవాళ్లు లేరు. క్షమించాలనిపించిందా అంటే, లేదు. తల్లి మొహం మీది దుప్పటి ఆమెకి ఇప్పటికీ నిన్నటిదే. కోపమే వచ్చింది, వెర్రి కోపం, గోడకి తల బాదుకునేంత.

"మచ్చలు చూడకుండానే వెళ్లిపోయావా?" అంది.

మొదటిసారి పైకి 'నువ్వు' అంది. కూతురు తలెత్తి చూసింది.

డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. బ్రష్షు బాబాయి వచ్చి, వరండాలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటావిడ వచ్చి సీట్లక్కని కౌగిలించుకుని, "ఆయన కల తీర్చావమ్మా, ఆ తృప్తితోనే పోయాడు," అని ఏడ్చింది. సీట్లక్క ఆమె వీపు మీద చెయ్యి వేసి తట్టింది, ఓదార్చాల్సింది తనే అయినట్టు.

తీసుకెళ్లేవాళ్లు వచ్చేలోపు ఆయన్ని సరిగ్గా పడుకోబెట్టాలి. కూతురు భుజాలు పట్టుకుంది. సీట్లక్క కాళ్ల దగ్గర వంగింది. నల్లటి తోలు బూట్లు, కూతురు తుడిస్తే మెరుస్తున్నాయి. కుడి బూటు లేసు కూతురు కట్టింది, చక్కటి పువ్వు ముడి. చివర పట్టి లాగగానే విడిపోయింది. ఎడమ బూటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"అది నన్ను కట్టనివ్వలేదమ్మా," అంది కూతురు. "కాలు ఎత్తి పట్టుకోమని సైగ చేసి, తనే కట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది."

సీట్లక్క ఆ ముడి విప్పలేదు. మడమ దగ్గర పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ కదిపి, ముడి చెదరకుండా బూటుని కాలినుంచి జార్చింది. రెండింటినీ కిటికీ కింద గోడవారగా పెట్టింది.

ఆయన్ని తీసుకెళ్లిపోయాక, గది ఖాళీ అయ్యాక, బూట్లు అక్కడే ఉన్నాయి. ఒకదాని నాలుక బయటికి వేలాడుతోంది. రెండోదానికి మాత్రం, ఒంటిచేత్తో, పళ్ల సాయం కూడా లేకుండా, వదులుగా, వంకరగా, ఊడిపోకుండా వేసుకున్న ముడి ఇంకా అలాగే ఉంది.